అటక కింద గిన్నె

టీ చల్లారిపోతోంది, ముందు తాగండి. ఆ నడవలో, అటక కింద స్టీలు గిన్నె ఎందుకు పెట్టావని మీరు అడగబోతున్నారు, నాకు తెలుసు. వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. మా ఆయన అయితే దాన్ని చూసీ చూడనట్టు దాటుకుని వెళ్ళిపోతున్నారు. మీ దగ్గర దాపరికం ఏముందిలెండి, చెప్తాను. ఈ గొడవలో ఒక బాత్రూం పగిలింది, ఒక పసివాడి అన్నప్రాశన ఆగినంత పనైంది, నా పరువు సంగతి మీరే వింటారు. మధ్యలో నవ్వితే మాత్రం పకోడీలు పెట్టను!

మా సందు మీకు తెలుసుగా. యూనివర్సిటీ వచ్చాక ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి దిగారు. పక్కింట్లో మన నూర్జహాన్ అక్క ఎప్పట్నుంచో ఉంది. ఎదురింట్లో సీజనుకి నాగపూర్ నుంచి వచ్చే మామిడి వ్యాపారులు. మా పైన అద్దెకి కలకత్తా వాళ్ళు. సాయంత్రం మా గేటు దగ్గర నిలబడితే పిల్లల్ని నాలుగు భాషల్లో తిట్టడం వినబడుతుంది. అర్థం కాకపోయినా ఎవరు ఎందుకు తిడుతున్నారో నేను చెప్పేస్తాను.

పైవాళ్ళ అమ్మాయి పేరు మౌసుమి. మొగుడి పేరు సుబ్రతో. యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాడు. ఆ పిల్ల వచ్చిన కొత్తలో తెలుగు ముక్క రాదు. పాలవాడితో, కూరలమ్మితో మాట్లాడ్డానికి నన్నే పిలిచేది. నేనే నేర్పాను. ఇప్పుడు నాకంటే గట్టిగా బేరమాడుతుంది. పోయిన ఏడాది దానికి నొప్పులొస్తే ఆటో కోసం చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి పరిగెత్తింది నేనే. పురిటికి వాళ్ళ అమ్మ వచ్చేలోగా పత్యం వండి పెట్టింది నేనే. నాకు ఇద్దరూ మగపిల్లలే కదా, ఇంట్లో ఒక ఆడపిల్ల తిరుగుతుంటే ఎంత బాగుంటుందో అది వచ్చాకే తెలిసింది.

వాళ్ళ బుజ్జిగాడికి ఆదివారం అన్నప్రాశన పెట్టుకున్నారు. వాళ్ళలో పసివాడికి మొదటి ముద్ద మేనమామ తినిపించాలట. మౌసుమి తమ్ముడికి సెలవు దొరకలేదు. "అంకుల్ తినిపిస్తారా?" అని మా ఆయన్ని అడిగింది. ఇంకేముంది! కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ ఇదే చెప్పారు. పైపు కొనడానికి వచ్చినవాడికి పైపు ఇవ్వడం మర్చిపోయి, తను మేనమామ అయిన వైనం వినిపించి పంపారట. కొత్త పంచె ఇస్త్రీ చేయించి తెచ్చుకున్నారు. మడత పోతుందని మళ్ళీ ఇస్త్రీకి ఇచ్చారు.

అన్నట్టు మాది పైపులూ పంపులూ అమ్మే కొట్టని మీకు తెలుసుగా. ఊళ్ళో సగం ఇళ్ళకి మా సామానే. మా బాత్రూంలో పంపు మాత్రం నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ కారుతూనే ఉంది. "రేపు చూద్దాంలే జయా" అంటారు. ఆ రేపు ఇంకా రాలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. గురువారం ఆవకాయ పెట్టాను. మీకు తెలియందేముంది, కలిపి జాడీకెత్తాక మూడో రోజు తిరగకలిపేదాకా దాని జోలికి పోకూడదు. తడి తగలకూడదు, తలస్నానం చెయ్యకుండా ముట్టుకోకూడదు. వంటింట్లో పెడితే మా ఆయన మూత తీసి వేలెట్టి రుచి చూస్తారు. అందుకని ఈసారి జాడీలు నడవలో అటకెక్కించాను. పాతకాలం అటక, కడప బండలు పరిచి చెక్క తలుపులు పెట్టారు. ఆయన కింద నుంచి అందించారు, నేను స్టూలెక్కి లోపలికంటా తోసి, తలుపులేసి, తాళం కూడా వేశాను. తాళంచెవి నా గొలుసుకున్న పిన్నీసుకి తగిలించుకున్నాను. "శనివారం పొద్దున దాకా ఈ అటక తెరిస్తే ఊరుకోను" అని అందరికీ చెప్పాను. అందరికీ అంటే ఆయన ఒక్కరికే.

శుక్రవారం పొద్దున్నే నడవలో కాలు పెట్టాను. అరికాలు నేలకి అతుక్కుంది! పైకి చూద్దును కదా, అటక బండల సందులోంచి గోడమ్మట జిడ్డుగా, గోధుమరంగులో ఏదో కారుతోంది. తుప్పు నీళ్ళలా ఉంది. దాని పక్కనే చీమలు బారులు తీరి పైకీ కిందకీ తిరుగుతున్నాయి.

అటకకి సరిగ్గా పైన ఏముంది? పైవాళ్ళ బాత్రూం. ఇంకేం కావాలి నాకు?

"ఏవండీ, పైన బాత్రూం కారుతోంది!" అని కేకేశాను.

ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, "ఒకసారి అటక తెరిచి చూస్తే..." అన్నారు.

"తెరుస్తారు! ఆ బ్రష్షుతో, ఆ నురగతో నా ఆవకాయ మీదకి వస్తారా?"

నోరు కడుక్కోడానికి వెళ్ళిపోయారు.

చీమలెందుకు పట్టాయన్నది నాకు కాసేపు అంతుబట్టలేదు. మామూలు నీళ్ళకి చీమలు రావు కదా. అప్పుడు వెలిగింది బుర్ర. ఈ కలకత్తా వాళ్ళు మిఠాయిల మనుషులు! ఆదివారం ఫంక్షన్ కోసం వారం నుంచీ మౌసుమి పైన రసగుల్లాలు చేసి చూస్తోంది. పాకం బాత్రూంలో పారబోస్తోందన్నమాట! నా తెలివికి నేనే మురిసిపోయి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కాను.

మౌసుమి పిల్లాడికి నీళ్ళు పోస్తోంది. వాడు నన్ను చూసి చేతులు చాపాడు. నేను ఎత్తుకోలేదు. చూడండి ఎంత పంతమో!

"ఏమ్మా, బాత్రూంలో పాకం పారబోస్తున్నావా?" అన్నాను.

"పాకమా ఆంటీ?"

"పాకమే. చీమలు పట్టేశాయి కింద. ఇల్లంటే ఏమనుకున్నావు? మీ ఊళ్ళో ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ మా ఊళ్ళో ఇలా చెయ్యం."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణమే నాకూ అనిపించింది. కానీ నోట్లోంచి వచ్చేసింది కదా.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపు ఆలోచించి, "ఒకసారి ఆంటీ... మంగళవారం ఒక గిన్నె పాకం మాడిపోయింది. పారబోశాను. సింకులోనే పోశాననుకుంటా. బాత్రూంలో పోశానేమో, గుర్తు లేదు. సారీ ఆంటీ" అంది.

చూశారా! తప్పు చెయ్యని మనిషి ఒప్పేసుకుంటే, తప్పు మోపినవాళ్ళకి ఇంకెంత బలం వస్తుందో! ఏదో పెద్ద కేసు గెలిచినట్టు దిగొచ్చాను. దాని మొగుడు కూడా కిందకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని గోడ వంక చూసి, "సీపేజ్" అన్నాడు, నీళ్ళు ఊరడమట. సివిల్ ఇంజనీరే ఇంగ్లీషులో పేరు పెట్టాక ఇంక అనుమానం ఎవరికుంటుంది?

మా ఆయన కొట్లోంచి సంతోష్‌ని పిలిపించారు. ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ప్లంబరు. మంచివాడే, కాకపోతే అన్ని రోగాలకీ అతని దగ్గర ఒకటే మందు, పగలగొట్టడం. వచ్చీ రాగానే గోడ మీద వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మేడమ్, మామిడి వాసన వస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. "నూజివీడులో, మే నెల్లో, మామిడి వాసన రానిదేదయ్యా? నీ చొక్కా వాసన చూసుకో!"

అతను చొక్కా కాలరు పైకి లాగి వాసన చూసుకున్నాడు. "అవును మేడమ్, ఇదీ వస్తోంది" అని ఒప్పేసుకున్నాడు.

మీరే చెప్పండి, నేనన్నదాంట్లో తప్పేముంది? ఈ సీజన్లో మన ఇళ్ళల్లో దుప్పట్లకి అదే వాసన, బియ్యానికి అదే వాసన. ఆర్టీసీ బస్సెక్కితే టికెట్ కూడా అదే వాసన. మంచాల కింద, మెట్ల కింద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కాయలు మాగేసుకునే వాళ్ళం. ఆ వాసన ఎటునుంచి వస్తోందని ఎవరు పట్టించుకుంటారు?

పరీక్ష కూడా చేశామండోయ్. మధ్యాహ్నం దాకా పైన బాత్రూంలో చుక్క నీళ్ళు వాడొద్దన్నాం. పాపం మౌసుమి పిల్లాణ్ణి చంకనేసుకుని నూర్జహాన్ అక్క వాళ్ళింటికి వెళ్ళొచ్చింది. అయినా గోడ కారుతూనే ఉంది. అక్కడైనా నాకు బుద్ధి రావాలా వద్దా? సంతోష్ మాత్రం తడుముకోలేదు. "పైపులో నిలవ నీళ్ళు మేడమ్. ఇలా నిదానంగా కారే లీకే డేంజర్. పగలగొట్టాలి."

నూర్జహాన్ అక్క గోడ మీంచి తొంగి చూసి, "జయా, ఆ అటక ఒకసారి తీసి చూడరాదూ" అంది.

"నీకేం అక్కా, నీ ఆవకాయా? ఏడాది పొడుగునా తినాలి మేము. బూజు పడితే ఎవరు జవాబుదారీ?"

"సరే తల్లీ, నీ ఇల్లు, నీ ఆవకాయ" అని తల లోపలికి తీసుకుంది.

మధ్యాహ్నం నుంచి పైన సుత్తి దెబ్బలు. ఒక్కో దెబ్బకీ మా ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి. సాయంత్రానికి ఆ బాత్రూంలో టైల్సు లేవు, నేల లేదు, పంపు లేదు. సంతోష్ తల నిండా సిమెంటు దుమ్ముతో దిగొచ్చి, "పైపు బాగానే ఉంది మేడమ్. ఇంకా లోపల ఉంటుంది లీకు. రేపు ఇంకా తవ్వుతాను" అన్నాడు. ఆ తవ్వుడికి ఇంకొంచెం ఉంటే మా నడవలోకే దిగొచ్చేవాడు.

శనివారం సాయంత్రానికి కలకత్తా నుంచి చుట్టాలు దిగుతున్నారు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క బాత్రూమూ గొయ్యి అయి కూర్చుంది.

చీకటి పడే వేళకి మౌసుమి మా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ఎప్పుడూ లోపలికొచ్చి గట్టెక్కి కూర్చునే పిల్ల, గుమ్మం దాటలేదు.

"ఆంటీ, ఫంక్షన్ ఇక్కడ వద్దు అనుకుంటున్నాం. చుట్టాలకి లాడ్జిలో రూములు తీసుకుంటున్నాం. తర్వాత... వేరే ఇల్లు చూసుకుంటాం. మా వల్ల మీకు కష్టం."

"మీ ఇష్టమమ్మా" అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలీదు. ఉండమ్మా అనడానికి నోరు రాలేదు. అది వెళ్ళాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను.

మా ఆయన భోజనం దగ్గర కూర్చుని, ఇస్త్రీ పంచె వంక చూస్తూ, "మరి నేను మేనమామనా, కాదా?" అని అడిగారు. నేను పెరుగు గిన్నె ముందుకి జరిపాను. ఆయన కలుపుకోకుండానే లేచిపోయారు.

శనివారం పొద్దున్నే తలస్నానం చేశాను. మూడో రోజు కదా, ఆవకాయ తిరగకలపాలి. ఆయన అప్పటికే కొట్టుకెళ్ళిపోయారు. స్టూలు వేసుకుని ఎక్కబోతుంటే అది కాస్త ఊగింది. మెట్లు దిగుతున్న మౌసుమి చూసి, పరుగున వచ్చి స్టూలు పట్టుకుంది. "పడిపోతారు ఆంటీ, నేను పట్టుకుంటా." నిన్న అన్ని మాటలన్నానా, అయినా వచ్చి పట్టుకుంది! నేను ఎక్కి తాళం తీశాను.

తలుపులు తెరిచానో లేదో, గుప్పుమంది!

జాడీలు రెండూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వాటి వెనకాల, గోడకి నలిగిపోయి, ఒక గంప. గంపలో వరిగడ్డి. గడ్డిలో చిన్న రసాలు... అంటే ఒకప్పుడు చిన్న రసాలు. ఇప్పుడు తొక్కలూ, టెంకలూ, మధ్యలో ఏరులా రసం. ఆ రసం బండ సందులోకి పోయి, గోడమ్మట కిందకి పోయి, చీమల్ని పిలుచుకుని...

అప్పుడు గుర్తొచ్చింది! రెడ్డిగూడెం నుంచి మా బాబాయి పంపిన కాయల్లో మేలిరకం ఏరి, గంపలో గడ్డేసి, నేనే అక్కడ దాచాను. ఎందుకనుకున్నారు? బుజ్జిగాడి అన్నప్రాశనకి! వచ్చిన చుట్టాలకి మన చిన్న రసాలు రుచి చూపించాలని! కింద ఉంచితే షుగరుందన్న మాట మర్చిపోయి మా ఆయన జుర్రేస్తారని అటకెక్కించాను. తర్వాత ఆవకాయ హడావుడిలో పడి దాచిన సంగతే మర్చిపోయాను. గురువారం జాడీలు లోపలికి తోస్తుంటే ఏదో మెత్తగా అడ్డం తగిలింది కూడా. ఏంటిది కదలదని ఇంకాస్త గట్టిగా తోశాను. అదీ నా బలం!

కింద నుంచి మౌసుమి, "ఏమైంది ఆంటీ? ఆవకాయ పాడైందా?" అంటోంది.

నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం తలుపులు మూసేద్దామనుకున్నాను. "ఏం లేదమ్మా" అనేస్తే సరిపోయేది. కానీ నా చేయి తగిలి గంప ఒరిగింది. దాంట్లోంచి ఒక పండు జారి, తిన్నగా వెళ్ళి ఆ పిల్ల నెత్తి మీద పడింది. చప్పుడు లేదు, మెత్తగా పడింది.

మౌసుమి నుదుటి మీంచి కారుతున్నదాన్ని వేలితో తుడిచి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకుంది. గోడ వంక చూసింది. చీమల వంక చూసింది. నా వంక చూసింది.

"ఆంటీ... అయితే నా పాకం కాదా?"

"కాదమ్మా" అన్నాను. "నా మామిడిపళ్ళు. నీ కొడుకు కోసమే దాచాను."

నాకు ఏడుపొచ్చేసింది. స్టూలు మీద నిలబడి ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీలుండదు, చేతుల నిండా రసం. అది తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. అదేమో నేల మీద చతికిలబడి, నెత్తిన తొక్కతో, కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది! పైన సంతోష్ సుత్తి దెబ్బ ఒకటి ధన్‌మని వినబడింది. ఇద్దరం ఒకేసారి "ఆపవయ్యా!" అని అరిచాం.

నేను దిగి, దాని తల తుడుస్తూ, "మీ ఊళ్ళో ఎలా ఉంటుందో అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటానమ్మా. మా ఊళ్ళో ఇలా ఉంటుంది, చూశావుగా" అన్నాను.

"ఇల్లు వెతకనా ఆంటీ, వద్దా?"

"వెతికితే కాళ్ళు విరగ్గొడతాను!"

చుట్టాలంతా మా ఇంట్లోనే దిగారు. ఆదివారం పొద్దున మీరు చూడాల్సింది! నడవలో తువ్వాళ్ళు భుజాన వేసుకుని కలకత్తా మొత్తం క్యూ కట్టింది. కొంతమందిని నూర్జహాన్ అక్క పిలుచుకుపోయింది. మౌసుమి అత్తగారికి మా కారే పంపు కట్టెయ్యడం రాక, దాన్ని అలా తిప్పీ ఇలా తిప్పీ, చివరికి వాళ్ళ భాషలో నాకేదో గట్టిగా చెప్పారు. అర్థం కాలేదు గానీ, ఎందుకు తిడుతున్నారో తెలిసిపోయింది. మా ఆయన మళ్ళీ ఇస్త్రీ చేయించిన పంచె కట్టుకుని, బుజ్జిగాడికి పాయసం ముద్ద తినిపించారు. వాడు సగం మింగి, సగం ఆ పంచె మీదే ఉమ్మాడు. ఆ పంచె ఉతకనివ్వరే! కొట్లో అందరికీ మరక చూపించాలట.

తర్వాత పైన బాత్రూం కొత్తగా కట్టించాం. తప్పు నాదయ్యాక టైల్సు దగ్గర బేరమాడలేను కదా, మా కొట్లో మేలిరకం సామానంతా పైకే పోయింది. అద్దంలా మెరిసిపోతోంది. మేమే ఒక్కోసారి స్నానానికి పైకి వెళ్తున్నాం. అప్పట్నుంచీ సందులో అందరి నోటా నా మామిడిపళ్ళ కథే. నాగపూర్ వ్యాపారులు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు. ఇంక నా జన్మలో ఎవరి మీదా మాట మోపనని ఒట్టేసుకున్నాను.

నిన్న పొద్దున, అటక కింద చెయ్యి పెడితే మళ్ళీ తడి. ఈసారి నేను ఎవర్నీ కేకెయ్యలేదు. ఎవరి మీదకీ మెట్లెక్కలేదు. బుద్ధిగా స్టూలు తెచ్చుకుని, ముందు అటక తెరిచాను. జాడీలు తప్ప ఏమీ లేవు. వాటిని కిందకి దించేసి, బండలు తుడిచి చూశాను. చల్లటి, తేటైన నీళ్ళు, పైకప్పులోంచి ఒక్కో చుక్కే పడుతున్నాయి. బాగున్న పైపుని సంతోష్ ఎక్కడో పగలగొట్టినట్టున్నాడు. పైన బాత్రూం నిజంగానే కారుతోంది!

ఇప్పుడు చెప్పండి, నేను ఏ మొహం పెట్టుకుని పైకి వెళ్ళను? మళ్ళీ పగలగొట్టమనా?

అందుకే ఆ గిన్నె పెట్టాను. ఇందాక మీరొచ్చే ముందే మౌసుమి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి, కంగారుగా, "ఆంటీ, మళ్ళీ తడిగా ఉంది! పైన బాత్రూమా?" అని అడిగింది.

"ఛ, బాత్రూమేంటి! మామిడిపండేలేమ్మా" అన్నాను.